అనుగ్రహం తీర్పు కాదు: సారంగధర విషాదంపై ఒక విచారణ

చేయని నేరానికి శిక్ష పడినవాడికి దైవమే దిగివచ్చి పోయినదంతా తిరిగి ఇస్తే, అతనికి జరిగిన అన్యాయం అక్కడితో తీరిపోయినట్టేనా అన్నది మతతత్త్వ చింతనలో చాలా పాత ప్రశ్న. తెలుగువారు ఈ ప్రశ్నను శాస్త్రగ్రంథాల వ్యాఖ్యానాల్లో కంటే ఒక కథలో ఎక్కువగా ఎదుర్కొన్నారు. సవతితల్లి కోరికను కాదని, ఆమె మోపిన నిందకు గురై, కన్నతండ్రి ఆజ్ఞతో కాళ్లూ చేతులూ పోగొట్టుకుని, చివరకు ఒక సిద్ధుడి దయవల్ల వాటిని తిరిగి పొందిన రాకుమారుడి కథ అది. ద్విపదకావ్యంగా మొదలై ప్రబంధంగా, యక్షగానంగా, పద్యనాటకంగా సాగి 20వ శతాబ్దంలో చలనచిత్రమైన సారంగధర కథ ప్రతి రూపంలోనూ ప్రేక్షకుడి చేత కంటతడి పెట్టించింది. ఆ కన్నీటికి ధర్మం తరఫున ఏం జవాబు చెప్పాలన్న చిక్కును కూడా ప్రతి రూపమూ తనతో మోసుకువచ్చింది.

ఈ కథ తెలుగులో 1937లో పి. పుల్లయ్య దర్శకత్వంలో మాట్లాడే చిత్రంగా వచ్చింది. తర్వాత 1957లో ఎన్.టి. రామారావు సారంగధరుడిగా, పి. భానుమతి సవతితల్లి చిత్రాంగిగా, ఎస్.వి. రంగారావు తండ్రి రాజరాజనరేంద్రుడిగా, ఘంటసాల సంగీతంతో మరోసారి తెరకెక్కింది. ఈ చిత్రాలను మామూలు జానపద చిత్రాల వరుసలో కాక, పాడి ఆడే ఒక ప్రాచీన నాటకరూపానికి తెర మీది కొనసాగింపుగా చూడటమే సమంజసం. పాత్రల పలుకు, ఆవేదన, వాదన అన్నీ సంగీతంలోనే నడిచే రంగస్థల ప్రక్రియను ఐరోపావారు ఒపేరా అంటారు. తెలుగులో దానికి దగ్గరగా నిలిచేది యక్షగానం. ఇందులో సూత్రధారుడు కథను నడిపిస్తే, పాత్రలు దరువులతో, అంటే తాళానికి కట్టిన ఆటపాటలతో, ద్విపదలతో, పద్యాలతో తమ మనసు చెప్పుకుంటాయి. అయితే ఈ రెండు ప్రక్రియల మధ్య ముగింపు విషయంలో పెద్ద తేడా ఉంది. ఐరోపా విషాద ఒపేరాలు చాలావరకు నాయికానాయకుల మరణంతో ఆగిపోతాయి, ఆ మరణం మీదే తెర పడుతుంది. యక్షగానం మంగళంతో ముగియాలి; ఎంతటి దుఃఖాన్ని చూపినా ప్రదర్శన చివర దేవుడికి మంగళం పాడి, చూసినవారికీ ఆడినవారికీ శుభం కోరాలి. కాబట్టి సారంగధర కథలోని తాత్త్విక సమస్య కథలోనే కాదు, దాన్ని మోసిన కళారూపంలోనూ ఉంది. తీరని అన్యాయాన్ని మంగళంతో ఎలా ముగించాలన్నదే ఆ సమస్య.

ఈ కథకు లభించే పాత తెలుగు రూపాల్లో ముఖ్యమైనది 15వ శతాబ్దపు కవి గౌరన రచించిన నవనాథచరిత్ర. శ్రీశైలంలోని భిక్షావృత్తి మఠానికి అధిపతిగా ఉన్న ముక్తిశాంతుడి ప్రేరణతో, నాథసిద్ధుల చరిత్రగా, ద్విపద ఛందస్సులో వెలసిన గ్రంథమిది. నాథులంటే హఠయోగంతో దేహాన్ని వశం చేసుకుని, శివుణ్ణి ఆదిగురువుగా కొలిచే యోగుల పరంపర. గౌరన కథను మాళవదేశంలో నడిపించాడు. రాజమహేంద్రవరంతోనూ తూర్పు చాళుక్య రాజైన రాజరాజనరేంద్రుడితోనూ ఈ కథ ముడిపడటం ఆ తర్వాతి పరిణామం. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథనాయకుడి కొలువులోని చేమకూర వేంకటకవి సారంగధరచరిత్రను ప్రబంధంగా రాసేనాటికి ఆ ముడి గట్టిపడింది. 1022లో పట్టాభిషిక్తుడైన చారిత్రక రాజరాజనరేంద్రుడికి అమ్మంగదేవి వల్ల కలిగిన కుమారుడు తర్వాత కులోత్తుంగచోళుడిగా ప్రసిద్ధుడయ్యాడే తప్ప, సారంగధరుడనే కొడుకు గురించి శాసనాలు చెప్పవు. కనుక దీన్ని ఒక రాజు మీద నేరారోపణగా కాక, రాజరికం మీద జనం అల్లుకున్న ఆలోచనగా చదవాలి.

కథ పుట్టిన మతవాతావరణాన్ని గుర్తించడానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతం బాగా ఉపయోగపడుతుంది. శ్రీశైల క్షేత్రానికి తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం ప్రధానద్వారాలని శైవసంప్రదాయం చెబుతుంది. వీటిలో అలంపురం నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోనూ, ఉమామహేశ్వరం నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దగ్గర నల్లమల అంచునా ఉన్నాయి. ఈ రెంటి నడుమ వనపర్తి ఉంది. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలున్న అలంపురం నుంచి నల్లమల కొండల దాకా ఉన్న ఈ నేల మల్లన్న దర్శనానికి వెళ్లే యాత్రికుల దారి. శ్రీశైలాలయ ప్రాకారపు గోడల మీద యోగుల, సిద్ధుల శిల్పాలు బారులుగా కనిపిస్తాయి. ఈ పాలమూరు ప్రాంతపు పల్లెల్లో సారంగధర ఆటను చూసినవారికి, కథ చివర వచ్చే సిద్ధుడు ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడ్డ పాత్ర కాదు. తాము నడిచి వెళ్లే కొండలో, తాము నమ్మే పరంపరలో ఉన్నవాడు. నేటి ప్రేక్షకుడికి కథను ముగించడానికి వాడిన ఉపాయంలా తోచే సంఘటన ఆ శ్రోతకు మతవిశ్వాసంలో భాగమన్న సంగతి మరిస్తే, ఈ విషాదాన్ని అంచనా వేయడంలో పొరపాటు జరుగుతుంది.

కథలోని నైతిక నిర్మాణం పైకి కనిపించేంత సులువైనది కాదు. రంగస్థలం మీద బాగా వ్యాపించిన రూపంలో, కొడుకు కోసం చూసిన కన్య అందానికి తండ్రే లోబడి ఆమెను తన రాణిగా చేసుకుంటాడు. తన వరుడని అనుకున్నవాడు కొడుకు వరస కావడమనే వికృతస్థితిలోకి చిత్రాంగిని నెట్టింది రాజు కోరికే. రాజు వేటకు వెళ్లినప్పుడు సారంగధరుడు పావురాలను ఎగరవేయడం, అతని పావురం చిత్రాంగి మేడ మీద వాలడం, మంత్రి కుమారుడు సుబుద్ధి వారిస్తున్నా వినకుండా అతడు దాని కోసం లోపలికి వెళ్లడం, ఆమె తన ప్రేమను వెల్లడించడం, అతడు తల్లి వరసను గుర్తుచేసి తిరస్కరించడం, అవమానభారంతో ఆమె నింద వేయడం, తిరిగివచ్చిన రాజు కొడుకు మాట వినకుండానే శిక్ష విధించడం వరుసగా జరుగుతాయి. ఈ వరుసలో పాపమనదగ్గది ఒకే ఒక్క మనిషి దగ్గర లేదు. రాజుది మొదట కామదోషం, తర్వాత విచారణ చేయని దోషం, చిత్రాంగిది అసత్యదోషం, సారంగధరుడిది హితవాక్యాన్ని పెడచెవిన పెట్టిన యౌవనపు ఏమరుపాటు మాత్రమే. అందరిలో చిన్న తప్పు చేసినవాడికి అందరిలో పెద్ద శిక్ష పడటం ఈ కథలోని విషాదానికి మూలం.

ఈ అసమానతకు సంప్రదాయం నుంచి తేలికగా లభించే మొదటి సమాధానం కర్మసిద్ధాంతం. ఈ జన్మలో కారణం కనిపించని దుఃఖానికి పూర్వజన్మలోని కర్మ కారణమనీ, ఫలించడం మొదలైన ఆ కర్మను, అంటే ప్రారబ్ధాన్ని, అనుభవించి తీరవలసిందేననీ ఆ సిద్ధాంతం చెబుతుంది. దుఃఖితుడికి ఈ మాట ఓదార్పు కావచ్చు. కానీ దాన్ని దుఃఖకారకుడి నోట ఉంచితే అర్థం తలకిందులవుతుంది. కొడుకు కాళ్లూ చేతులూ నరికించిన తండ్రి అది వాడి ప్రారబ్ధమని అనగలిగితే, లోకంలో ఏ పాలకుడూ ఏ తప్పుకూ బాధ్యుడు కానవసరం లేదు. కర్మసిద్ధాంతం బాధ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సమాధానమే కాని, బాధపెట్టినవాణ్ణి ఎందుకు చేశావని అడగకుండా తప్పించే ఉపాయం కాదు. ఈ తేడాను సంప్రదాయమే గుర్తించిందనడానికి మహాభారతంలోని అణిమాండవ్యుడి కథ సాక్ష్యం.

మౌనవ్రతంలో ఉన్న మాండవ్యముని ఆశ్రమంలో దొంగలు సొమ్ము దాచిపెట్టారు. రాజభటులు అడిగినా ఆయన వ్రతం వీడి మాట్లాడలేదు. రాజు నిజానిజాలు తేల్చకుండానే ఆయనను దొంగలతోపాటు కొరత వేయించాడు. ప్రాణం పోకపోవడంతో ఆయన మహిమ బయటపడి, రాజు వచ్చి వేడుకుంటే ముని మన్నించాడు. అయితే ఆయన అంతటితో ఆగలేదు. యమధర్మరాజు దగ్గరకు వెళ్లి తనకు ఈ శిక్ష ఎందుకు పడిందని నిలదీశాడు. చిన్నతనంలో పురుగులను పుల్లతో గుచ్చిన పాపానికి ఇది ఫలమని యముడు చెప్పగా, తెలియని వయసులో చేసిన కొద్దిపాటి తప్పుకు ఇంత శిక్ష తగదని శపించి యముణ్ణి భూమి మీద విదురుడిగా పుట్టించాడు. పద్నాలుగేళ్ల లోపు చేసినదాన్ని పాపంగా లెక్కించరాదని కొత్త కట్టడి కూడా పెట్టాడు. కర్మఫలాన్ని పంచే దేవతను సైతం విచారణకు నిలబెట్టవచ్చని, ఆ లెక్కలోనూ తప్పు పట్టవచ్చని, ఆ నియమాన్ని దిద్దవచ్చని ఈ ఉపాఖ్యానం ధైర్యంగా చెబుతుంది. వ్యక్తిని మన్నించడం, నియమాన్ని సరిదిద్దడం అనే రెండు పనులను మాండవ్యుడు వేర్వేరుగా చేశాడన్నది ఇక్కడ గమనించవలసిన అంశం. ఈ ఉపాఖ్యానం ఉన్న ఆదిపర్వాన్ని నన్నయ తెనిగించింది రాజరాజనరేంద్రుడి కోరిక మీదే. అటువంటి రాజు పేరునే, విచారించకుండా కొడుకును శిక్షించిన కథలోని రాజుకు జనం పెట్టుకోవడం ఉద్దేశించి చేసినది కాకపోవచ్చు. అయినా ధర్మం వినడమూ ధర్మం నడపడమూ ఒకటి కాదన్న ఎత్తిపొడుపు అందులో ఇమిడివుంది.

రెండవ సమాధానం పరీక్ష. భక్తుడి నిష్ఠను లోకానికి చాటడానికే దేవతలు కష్టాలు కల్పిస్తారనీ, చివర పోయినవన్నీ తిరిగి ఇస్తారనీ ఈ వాదం చెబుతుంది. ఇందుకు గొప్ప ఉదాహరణ హరిశ్చంద్రుడి కథ. గౌరనే హరిశ్చంద్రోపాఖ్యానాన్ని కూడా ద్విపదలో రచించాడు కనుక ఒకే కవి చేతిలోని రెండు కథలను పక్కపక్కన పెట్టి చూసే వీలుంది. హరిశ్చంద్రుడి బాధ వెనుక విశ్వామిత్రుడున్నాడు, వశిష్ఠుడితో ఆయన వేసిన పంతముంది. ఆడిన మాట మీద నిలబడతానని హరిశ్చంద్రుడు తానే పూనుకున్నాడు. ఏ క్షణంలోనైనా ఒక్క అబద్ధంతో బయటపడే దారి అతనికి తెరిచే ఉంది. సారంగధరుడికి అటువంటి దారి లేదు. అతని బాధను ఏ దేవతా సంకల్పించలేదు, ఏ మునీ పర్యవేక్షించలేదు. అతడు నిజం చెప్పాడు, ఆ నిజాన్ని ఎవరూ వినలేదు. పరీక్షలో ఓర్పుకు విలువ ఉంటుంది, ఎందుకంటే పరీక్షించేవాడు చూస్తున్నాడు. అన్యాయంలో ఓర్పు అటువంటిది కాదు. దాన్ని చూడవలసినవాడు చూడకపోవడమే అక్కడి అన్యాయం. అందువల్ల హరిశ్చంద్ర కథకు సరిపోయిన మంగళాంతం సారంగధర కథకు అంత తేలికగా సరిపోదు.

మూడవ సమాధానం అనుగ్రహం; నాథసంప్రదాయం చెప్పేది ఇదే. తెగిన అవయవాలతో అడవిలో పడి ఉన్నవాణ్ణి సిద్ధుడు చేరదీసి యోగం ఉపదేశిస్తాడు. అవయవాలు తిరిగి వచ్చిన సారంగధరుడు ఆ పరంపరలో చౌరంగి అనే సిద్ధుడిగా లెక్కకు వస్తాడు. ఇదే కథ పంజాబులో సియాల్‌కోట రాజకుమారుడు పూరన్ భగత్ కథగా నిలిచింది. అక్కడ అతణ్ణి ఉద్ధరించేవాడు గోరఖనాథుడు. యోగిగా తిరిగివచ్చిన పూరన్ తన మీద నింద వేసిన సవతితల్లి లూణకు సంతానం కలిగేలా దీవించి, ఏడ్చి చూపు పోగొట్టుకున్న కన్నతల్లికి చూపు ఇచ్చి, తండ్రి ఇవ్వబోయిన రాజ్యాన్ని మాత్రం స్వీకరించకుండా వెళ్లిపోతాడు. ఈ నిరాకరణలోనే కథాతాత్పర్యం ఉంది. అనుగ్రహం జరిగినదాన్ని జరగనట్టు చేయగలిగివుంటే, కొడుకు మళ్లీ యువరాజై సింహాసనం పక్కన కూర్చోవలసింది. దేహం పూర్వస్థితికి వచ్చింది, బంధం రాలేదు. కోపం పోయింది, నమ్మకం తిరిగి పుట్టలేదు. సిద్ధుడు బాధితుణ్ణి బాగుచేశాడు, రాజును నిర్దోషిగా ప్రకటించలేదు. నాథయోగి లోకాన్ని వదలడాన్ని సాధారణంగా వైరాగ్యమంటారు; ఈ కథలో అది ఆ రాజ్యంలోని న్యాయం మీద వెలువడ్డ అభిప్రాయం కూడా.

ఈ విషయాన్ని బౌద్ధం మరో కోణం నుంచి చూసింది. అశోకుడి కుమారుడు కునాలుడిని సవతితల్లి తిష్యరక్షిత మోహించి, తిరస్కారానికి గురై, కుట్రతో అతని కళ్లు తీయించిందని దివ్యావదానం చెబుతుంది. నిజం తెలిసిన అశోకుడు ఆమెను చంపించబోతే కునాలుడు వద్దని వారిస్తాడు. తనకు ఆమె మీద ద్వేషం లేదన్నది సత్యమైతే తన కళ్లు మునుపటిలా కావాలని పలకగానే చూపు వస్తుంది. ఇటువంటి శక్తిగల సత్యవచనాన్ని సత్యక్రియ అంటారు. ఇక్కడ స్వస్థత ఇచ్చేది బయటి దేవుడు కాదు, బాధితుడి నిర్ద్వేషచిత్తమే. అంతటి క్షమను కళ్లారా చూసిన తర్వాత కూడా అశోకుడు తిష్యరక్షితను దహింపజేశాడని ఆ గ్రంథమే చెప్పడం గమనించదగినది. కొడుకు సంపాదించుకున్న శాంతి తండ్రి రాజనీతిలోకి ప్రవేశించలేకపోయింది. శైవంలో గురుకృపగా, బౌద్ధంలో నిర్ద్వేషంగా వచ్చిన ఉద్ధరణ రెండుచోట్లా ఒకే హద్దు దగ్గర ఆగింది: అది బాధపడ్డవాడిని చేరింది, పాలించేవాడిని మార్చలేదు.

ఐరోపాలో క్రీస్తుపూర్వం 428లో యూరిపిడీస్ హిప్పోలిటస్ నాటకంలో ఇటువంటి కథనే ప్రదర్శించాడు. సవతితల్లి ఫేద్ర ప్రేమ, అపనింద, తండ్రి థీసియస్ శాపం, కుమారుడి మరణం అందులోని అంశాలు. చివర అర్టెమిస్ దేవత వచ్చి నిజం చెబుతుందే కాని అతణ్ణి బతికించదు. 1677లో రసీన్ దీన్ని ఫ్రెంచి నాటకంగా రాస్తే, 1733లో రమో స్వరపరచిన ఒపేరాలో దేవత హిప్పోలిటస్‌ను తిరిగి తెచ్చి అతని ప్రియురాలితో కలుపుతుంది. విషాదాన్ని విషాదంగా వదలలేకపోవడం తెలుగువారి బలహీనత కాదని, సంగీతం చేరిన చోట మంగళాంతం కోసం ఆరాటం ఇతర దేశాల్లోనూ కనిపించిందని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

భారతీయ నాట్యశాస్త్ర పరంపర శోకాన్ని తక్కువ చేయలేదు. శోకమనే స్థాయిభావం నుంచి పుట్టే కరుణరసానికి భరతుడు స్థానమిచ్చాడు, భవభూతి ఉత్తరరామచరితంలో దాన్ని శిఖరానికి చేర్చాడు. కాని అదే భవభూతి రామాయణంలో భూమిలోకి వెళ్లిపోయిన సీతను నాటకాంతంలో రాముడితో కలిపాడు. నాయకుడి వధను రంగం మీద చూపరాదని ధనంజయుడి దశరూపకం నిషేధించింది. ఈ కట్టుబాటును తెలుగులో దాటినవాడు బళ్లారి న్యాయవాది, సరసవినోదినీ సభను స్థాపించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). ఆయన విషాదసారంగధర తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరు పొందింది. గద్వాల సీమకు దూరం కాని బళ్లారిలో, వాదప్రతివాదాలు వినడమే వృత్తిగా గల వకీలు ఒకరు, వాదం వినకుండా తీర్పు చెప్పిన రాజు కథను విషాదాంతానికి ఎంచుకోవడంలో ఔచిత్యం ఉంది. అంతకు ముందే 1883లో గురజాడ అప్పారావు ఇదే కథను ఇంగ్లీషు కావ్యంగా రాశారు. పాశ్చాత్యవిద్య పొందిన తొలితరం రచయితలను ఈ కథ ఇంతగా ఆకర్షించడానికి షేక్స్పియర్ ప్రభావం ఒక కారణమైతే, దైవం జోక్యం లేకుండా మనిషి తప్పును మనిషి లెక్కలోనే చూడాలన్న కొత్త వివేచన మరో కారణం.

విషాదాంతాన్ని ఎంచుకున్నవారు నాస్తికులు కారు, మంగళాంతాన్ని నిలుపుకున్నవారు అమాయకులూ కారు. మొదటివారు రాజు చేసిన పని తిరుగులేనిదని చెప్పదలిచారు. దైవం వచ్చి బాగుచేస్తే ప్రేక్షకుడు రాజును త్వరగా మన్నించేస్తాడని వారి భయం. రెండవవారు బాధితుడికి లోకంలో మిగిలిన ఆశను చెప్పదలిచారు. అన్యాయమే ఆఖరిమాట అయితే బలహీనుడు ధర్మం పక్షాన నిలబడటానికి ఆధారమే ఉండదని వారి భయం. రెండు భయాలూ న్యాయమైనవే. ఒక ముగింపు రెండో భయాన్ని తీర్చబోయి మొదటిదాన్ని మరచినప్పుడు లోపం మొదలవుతుంది. దేవుడు చివరకు మేలే చేశాడన్న మాట బాధితుడి నోట విశ్వాసమవుతుంది, అదే మాట తీర్పరి నోట తప్పించుకునే సాకవుతుంది.

చలనచిత్రం ఈ చిక్కును మరింత బిగించింది. పల్లె ఆటలో అవయవాలు తెగడమన్నది పాటతో, అభినయంతో, చూసేవారి ఊహతో జరిగే పని. తెగినట్టు నమ్మిన ప్రేక్షకుడు మళ్లీ అతికినట్టు నమ్మడానికీ సిద్ధంగా ఉంటాడు, ఎందుకంటే రెండూ ఒకే ఊహాస్థాయిలో ఉన్నాయి. కెమెరా ముఖాన్ని దగ్గరకు తెచ్చి, బాధను శరీరానికి సంబంధించిన వాస్తవంగా చూపే సాధనం. తెర మీద బాధ నిజమనిపించినంతగా అద్భుతం నిజమనిపించదు. దాంతో ఈ రెంటి మధ్య తూకం బాధవైపు మొగ్గుతుంది. మరోవైపు తారల ప్రతిష్ఠ దీనికి ఎదురుగా పనిచేసింది. 1957లోనే మాయాబజార్‌లో కృష్ణుడిగా కనిపించిన నటుడిని అదే సంవత్సరం సారంగధరుడిగా చూసిన ప్రేక్షకుడికి, ఆ ముఖానికి శాశ్వతమైన కీడు జరగదన్న భరోసా లోలోపల ఉండే ఉంటుంది. రంగస్థలం మంగళగీతంతో ఇచ్చిన హామీని తెర తార ముఖంతో ఇచ్చింది. మతవిశ్వాసం స్థానంలోకి తారవిశ్వాసం ఇలా మెల్లగా చేరడం తెలుగు పౌరాణిక చిత్రాల చరిత్రలో విస్తారంగా పరిశీలించవలసిన పరిణామం.

భానుమతి చిత్రాంగి కావడం వల్ల కలిగిన ఫలితం ఇంకా లోతైనది. తన పాటలు తానే పాడుకునే ఆ నటి గొంతుకు, ధీమాకు ఉన్న ఆకర్షణ వల్ల చిత్రాంగిని కేవలం దుష్టస్త్రీగా తోసిపుచ్చడం కష్టం. యక్షగానంలోనూ ఇదే జరుగుతుంది. దరువు పాడే పాత్ర తన పక్షాన్ని రాగంతో వాదిస్తుంది కనుక, శాస్త్రం ఖండించినవారికి కూడా సంగీతం కొంతసేపు సానుభూతి సంపాదించిపెడుతుంది. పాడగలిగిన ప్రతివారి లోపలి బాధకూ చోటివ్వడం ఒపేరాకైనా యక్షగానానికైనా సహజం. ఆ చోటులో నిలబడి చూస్తే చిత్రాంగి గురించి ఒక ప్రశ్న లేస్తుంది. సారంగధరుడికి సిద్ధుడు ఉన్నాడు. రాజుకు పశ్చాత్తాపం ఉంది. కోరని భర్తకు రాణియై, తన కోరికే తనకు పాపమై, అసత్యమాడి, చివరకు అందరి అసహ్యానికీ గురైన స్త్రీకి ఈ కథలో ఏ అనుగ్రహం మిగిలింది? ఇటువంటి కథే ఇస్లాం ప్రపంచంలో యూసుఫ్, జులైఖాల వృత్తాంతంగా ఉంది. 15వ శతాబ్దపు పారసీక కవి జామీ దాన్ని సూఫీకావ్యంగా మలిచి, మోహంతో నింద వేసిన జులైఖానే దైవప్రేమ వైపు నడిచే ఆత్మగా చూపి, చివర ఆమెకు యూసుఫ్‌తో కలయికను ప్రసాదించాడు. పంజాబు కథలో లూణకు పూరన్ దీవెన దక్కింది. తెలుగు కథ మాత్రం చిత్రాంగి దగ్గర కఠినంగా ఉండిపోయింది. ఆమె అబద్ధాన్ని సమర్థించడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. కానీ నిరపరాధికి మాత్రమే చాలే కృప సంపూర్ణమైన కృప అనిపించుకోదని అనుగ్రహవాదులే ఒప్పుకోవలసి ఉంటుంది, ఎందుకంటే నిరపరాధికి రావలసింది మొదట న్యాయం, అపరాధికే నిజంగా కావలసింది అనుగ్రహం.

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలుగా ఉన్న కాలంలో ఈ ప్రాంత ప్రజలు చిందు భాగవతుల ఆటల్లో సారంగధరను చూశారు. ఏలికే పన్ను విధించేవాడు, ఏలికే ఫిర్యాదు వినేవాడు అయిన వ్యవస్థలో, రాజు నోటి మాట ఒక నిరపరాధి దేహాన్ని ఎలా ఛిద్రం చేయగలదో నాటక ముఖాన చెప్పడం చిన్న విషయం కాదు. రాజభక్తిని ప్రశ్నించకుండానే రాజును తప్పుపట్టే వీలు ఆ కథ ఇచ్చింది; అయితే దిద్దుబాటు భారాన్ని సిద్ధుడి మీద పెట్టడం వల్ల ఆ విమర్శ ఆచరణలోకి రాకుండా ఆగిపోయే ప్రమాదమూ అందులోనే ఉంది. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాల పాలన ముగిసింది. ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన చిత్రాన్ని చూసినవారు రాజుల ప్రజలు కారు, రాజ్యాంగం కింద పౌరులు. ఎవరినీ వారి వాదన వినకుండా శిక్షించరాదన్న సూత్రం అప్పటికి శాసనబద్ధమైన హక్కు. అంటే, పాత ప్రేక్షకుడు సిద్ధుడి నుంచి ఆశించినదానిలో ఒక భాగాన్ని కొత్త ప్రేక్షకుడు న్యాయస్థానం నుంచి కోరే స్థితికి వచ్చాడు.

ఈ మార్పు అనుగ్రహానికి విలువ లేకుండా చేయలేదు, దాని స్థానాన్ని స్పష్టం చేసింది. తెగిన చేతులను ఏ న్యాయస్థానమూ అతికించలేదు. తండ్రి చేతిలో దెబ్బతిన్న కొడుకు మనసును ఏ తీర్పూ మాన్పలేదు. అక్కడ మతం మాట్లాడే ఓదార్పుకు, క్షమకు, లోపలి స్వస్థతకు ప్రత్యామ్నాయం లేదు. కానీ ఆ స్వస్థతను చూపించి విచారణ లేకుండా జరిగిన శిక్షను సరిపెట్టడం అనుగ్రహాన్ని కూడా అవమానించడమే, ఎందుకంటే అప్పుడది పాలకుల పొరపాట్లను కప్పే సాధనమవుతుంది. మాండవ్యుడు రాజును మన్నించాడు, అయినా యముడి కట్టడిని మార్చకుండా ఊరుకోలేదు. పూరన్ తండ్రిని ద్వేషించలేదు, అయినా అతని సింహాసనాన్ని పంచుకోలేదు. సారంగధర కథను విశ్వాసంతో చూసేవారూ విమర్శతో చూసేవారూ ఒకటిగా అంగీకరించదగిన సారాంశం ఇదే: క్షమించడం బాధపడ్డవాడి ఇష్టం, అనుగ్రహించడం దైవం ఇష్టం, విచారించడం మాత్రం తీర్పు చెప్పేవాడు తప్పించుకోరాని విధి; మొదటి రెండూ ఎంత సమృద్ధిగా లభించినా మూడవదాని లోటు తీరదు.